చత్వారం వచ్చాక సరళీ స్వరాలు

విశాఖపట్నంలో కొన్ని వేల ఇళ్లలో రోజు షిఫ్టును బట్టి మొదలవుతుంది. పొద్దున్నే మొదలయ్యే ‘ఎ’ షిఫ్టు వారికి తెల్లవారుజామున నాలుగున్నరకే క్యారేజీ సర్దాలి. బి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. సి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఇంట్లో మిక్సీ వేయడానికి కూడా వెనకాడాలి. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురుశుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చి ఈ ఊరి కాలాన్ని ఇలా ముక్కలుగా పంచుకున్నాయి. ఉక్కు కర్మాగారం నిర్మాణం సాగుతున్న 1980లలోనో, దాన్ని జాతికి అంకితం చేసిన 1992 ప్రాంతంలోనో పాతికేళ్ల వయసులో చేరినవారు ఈ దశాబ్దంలో ఒకరి వెంట ఒకరు పదవీ విరమణ చేస్తున్నారు. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో మధురవాడలోనో కట్టుకున్న ఇంట్లో, ముప్ఫై ఏళ్ల తర్వాత మొదటిసారి, వారికి ప్రతి సాయంత్రమూ ఖాళీగా దొరుకుతోంది.

అలా దొరికే కాలం తక్కువేమీ కాదు. ఉక్కు కర్మాగారంలో విరమణ వయసు 60. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. 60 ఏళ్లకు చేరిన మనిషికి మన దేశంలో సగటున మరో 18 ఏళ్ల ఆయుర్దాయం ఉంటోంది. పుట్టిన బిడ్డకు ఓటు హక్కు వచ్చేంత కాలమిది. దీన్ని ఎలా గడపాలన్న ప్రశ్నకు బంధుమిత్రులందరి దగ్గరా ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ఇన్నాళ్లూ ఇంటి కోసం పనిచేశారు, ఇకనైనా మీకు ఇష్టమైనది చేసుకోండి అని. చిక్కేమిటంటే, ఆ ఇష్టమైనదేమిటో చాలామందికి తెలియదు. అందుకు వారిని తప్పుపట్టనక్కర్లేదు. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరింటికి జరిగే సంగీత తరగతికి, వారం వారం షిఫ్టు మారే మనిషి ఎన్నడూ వరుసగా నాలుగుసార్లు వెళ్లి ఉండడు. ఇష్టం ఏర్పడటానికి అవసరమైన క్రమం తప్పని వేళ అతని జీవితంలో లేనే లేదు.

ఇష్టమనేది ఎక్కడో లోపల దాగి ఉంటుందని, తీరిక దొరకగానే దాన్ని తవ్వి తీసుకోవచ్చని అనుకోవడంలోనే పొరపాటు ఉంది. 2018లో మనస్తత్వవేత్తలు పాల్ ఓకీఫ్, కేరల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ ప్రచురించిన పరిశోధన దీన్ని సూటిగా పరీక్షించింది. అందులో పాల్గొన్నవారికి ముందుగా కృష్ణబిలాల గురించి ఆకట్టుకునే వీడియో ఒకటి చూపించారు. అందరికీ ఉత్సాహం కలిగింది. తర్వాత అదే విషయం మీద కఠినమైన శాస్త్రీయ వ్యాసం చదవమన్నారు. ఆసక్తులు మనిషిలో ముందే స్థిరపడి ఉంటాయని నమ్మేవారి ఉత్సాహం అక్కడ ఎక్కువగా చల్లారిపోయింది. ఆసక్తి పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవారు కొంత మెరుగ్గా నిలబడ్డారు. కష్టం ఎదురైతే మొదటి రకంవారు ‘ఇది నాకు రాసిపెట్టింది కాదు’ అనుకుంటారు. ఆ పరిశోధనలు ప్రధానంగా విద్యార్థుల మీద జరిగినవే అయినా, దాని ఫలితం యాభై దాటినవారికి ఇంకా గట్టిగా వర్తిస్తుందని చెప్పవచ్చు. ఇరవై ఏళ్లవాడు ఒకటి వదిలేసి మరొకటి పట్టుకుంటాడు. యాభై అయిదేళ్ల మనిషి ఒకటి వదిలేస్తే, తన వయసు అయిపోయిందన్న తీర్పు కూడా దానితోపాటే ఇచ్చేసుకుంటాడు.

ఆసక్తి దశలవారీగా ఎదుగుతుందని 2006లో పరిశోధకులు సుజానే హైడి, ఆన్ రెనింగర్ ప్రతిపాదించారు. మొదట ఏదో ఒక సందర్భం మనసును లాగుతుంది. తోటివారు, గురువు, స్థలం, వేళ వంటి బయటి ఆసరాలు దాన్ని కొంతకాలం నిలబెడతాయి. ఆ తర్వాతే అది మనిషి సొంతమై, ఎవరూ పిలవకపోయినా వెళ్లేంతగా వేళ్లూనుకుంటుంది. ఈ వరుసలో ఆసరా అవసరమైన దశ మొదట్లోనే ఉందన్నది గమనించాలి. పదవీ విరమణ చేసినవారు సాధారణంగా దీనికి తలకిందులుగా నడుస్తారు. ముందు కెమెరానో, దుర్భిణో, ఖరీదైన సైకిలో కొంటారు. పదిరోజులు ఒంటరిగా కుస్తీ పడతారు. ఆ పైన అది అటక ఎక్కుతుంది. ఇంట్లో ట్రెడ్‌మిల్లు మీద బట్టలారేసుకునే కుటుంబాలు ఈ నగరంలో తక్కువేమీ లేవు.

ఇక వయసు సంగతి. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని తెలుగులో చత్వారం అంటారు. ఆ మాటలోనే నలభై (సంస్కృతంలో చత్వారింశత్) ఉంది. కంటికి ఇలా ఒక గుర్తు పెట్టిన మన భాష, బుద్ధికి మాత్రం ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని తీర్పే ఇచ్చేసింది. ఈ సామెత పిల్లల పెంపకం గురించి పుట్టింది. దాన్ని పెద్దల నేర్పు మీదికి లాగడం అంత సబబు కాదు. కొత్త సమస్యను అప్పటికప్పుడు వేగంగా విప్పగల శక్తి వేరు, అనుభవంతో పోగుపడిన జ్ఞానం వేరు అని మనస్తత్వవేత్త రేమండ్ కాటెల్ విడదీసి చూపాడు. మొదటిది యౌవనం దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. రెండోది, ముఖ్యంగా పదసంపద వంటిది, అరవై ప్రాంతం దాకా పెరుగుతూనే ఉండగలదు. కాబట్టి పెద్దవయసులో నేర్చుకునేవారికి వేగం తగ్గుతుందన్నది నిజమే. నేర్పు అందదన్నది నిజం కాదు.

2014లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డెనిస్ పార్క్ బృందం ప్రచురించిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. 60 నుంచి 90 ఏళ్ల మధ్యవారిని కొన్ని జట్లుగా చేసి, దాదాపు మూడు నెలలపాటు వారానికి సుమారు 15 గంటల చొప్పున పని పెట్టారు. కొందరు డిజిటల్ ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు, కొందరు గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టడం నేర్చుకున్నారు, కొందరు రెండూ నేర్చుకున్నారు. మరో జట్టు కబుర్లు, ఆటలు, విహారాలతో అంతే సమయం గడిపింది. చివర్లో పరీక్షిస్తే, కొత్త పని నేర్చుకున్నవారి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కేవలం కలిసి కాలక్షేపం చేసిన జట్టులో ఆ ఫలితం కనిపించలేదు. బీచ్ రోడ్డు మీద వేకువన నడుస్తూ రాజకీయాలు మాట్లాడుకునే మిత్రబృందాలకు ఇది కాస్త చేదు వార్త. నడక ఒంటికి మంచిదే, కబుర్లు మనసుకు మంచివే. కానీ చేతకాని పనితో తలపడితే వచ్చే లాభం వాటితో రాదు. ప్రయోగంలో వారానికి 15 గంటలు పెట్టారన్నది కూడా మరిచిపోకూడదు. ఆదివారం ఒక గంట కూర్చుంటే ఆ ఫలితం ఆశించలేం.

కొత్త పని పాత పనికి ఎంత దూరంలో ఉండాలి అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. విశాఖకు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో దీన్ని కళ్లారా చూడవచ్చు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెత్తగా, తేలిగ్గా ఉండే అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కణికను తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. నిప్పు లేదు, కుంపటి లేదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడే మెరుపు వస్తుంది.

ముప్ఫై ఏళ్లు నౌకానిర్మాణ కేంద్రంలోనో, కర్మాగారం మరమ్మతు షాపులోనో టర్నరుగా, అంటే లేతు మీద ఇనుము కోసే కార్మికుడిగా పనిచేసిన మనిషి ఈ లేతు ముందు కూర్చున్నాడనుకుందాం. లేతు అతనికి కొత్త కాదు. తిరిగే వస్తువు మీద కన్ను ఎక్కడ నిలపాలో, శబ్దం మారితే ఏమి తప్పిందో అతనికి తెలుసు. అయితే ఇనుము కోసే లేతు మీద పనిముట్టు బిగించి ఉంటుంది. చక్రం తిప్పితే మిల్లీమీటరులో వందో వంతు లెక్కన అది ముందుకు జరుగుతుంది. ఇక్కడ ఉలి చేతిలోనే ఉంటుంది. ఎంత ఒత్తాలో చెప్పే స్కేలు లేదు, మణికట్టే చెప్పాలి. ఇనుముకు పోగులుండవు, కర్రకు ఉంటాయి. ఉలి ఎదురు పోగులో దిగితే కర్ర చీలుతుంది. లక్క ఆనించేటప్పుడు ఎక్కువ ఒత్తితే గట్లు కడుతుంది, తక్కువ ఒత్తితే కరగదు. పాత నేర్పు అతన్ని సగం దూరం మోసుకొస్తుంది, మిగతా సగంలో అదే అడ్డుపడుతుంది. కొలత కోసం వెర్నియర్ పరికరం వెతుక్కునే ఆ చేయి, కంటితో సరిచూసుకోవడానికి అలవాటు పడాలి. పూర్తిగా తెలిసిన పని విసుగు పుట్టిస్తుంది, అస్సలు తెలియనిది భయపెడుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న పనులే నడివయసువారి దగ్గర ఎక్కువకాలం నిలుస్తాయి. లెక్కలు చూసిన గుమాస్తాకు శాసనాల తేదీలు, నర్సుగా పనిచేసినవారికి మందుమొక్కల పెంపకం, నౌకాదళంలో చేసినవారికి నక్షత్రాల పరిశీలన ఇలా అబ్బగలవు. ఉద్యోగంలో ఒళ్లు హూనమైనవారు దానికి ఆమడ దూరంలో ఉన్నదే కోరుకుంటారన్నది కూడా కాదనలేం.

శాసనాల మాట వచ్చింది కాబట్టి ఉత్తరాంధ్రకు చెందిన గిడుగు రామమూర్తిని తలచుకోవాలి. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూనే ముఖలింగం గుడి మీది శాసనాల లిపి సొంతంగా నేర్చుకున్నాడు, సవర గిరిజనుల భాష పట్టుకున్నాడు. అప్పటికి ఇవి ఉద్యోగానికి పక్కన మొలిచిన పిలకలు మాత్రమే. 1906-07 ప్రాంతంలో ఈ జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు ఒక సందేహం కలిగింది: తెలుగువారు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకు? విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ సందేహాన్ని గిడుగు, గురజాడల వైపు మళ్లించాడు. అప్పటికి గిడుగు వయసు 43 ఏళ్ల పైనే. 1911లో ఉద్యోగం విరమించాక ఆయన వ్యావహారిక భాషోద్యమానికే అంకితమయ్యాడు. సవర భాష మీది ఆయన గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు అచ్చయ్యేనాటికి ఆయనకు 75 ఏళ్లు. ముప్ఫైలలో మొదలైన ఒక ఆసక్తి డెబ్బైలలో పుస్తకమైంది. నలభై దాటాక ఎవరో అడిగిన ప్రశ్న మరో ఆసక్తికి బాట వేసింది. అది ఆయన లోపలి నుంచి పుట్టుకొచ్చిన ప్రశ్న కాదన్నదే ఇక్కడ పట్టించుకోవలసిన సంగతి.

గురజాడ అప్పారావు కూడా 1862లో ఈ ప్రాంతంలోనే పుట్టి, విజయనగరం సంస్థానంలో ఉద్యోగం చేసినవాడే. నాటకకర్తగా పేరొచ్చాక, 1910లో, 47 ఏళ్ల వయసులో ముత్యాల సరమనే కొత్త ఛందస్సుతో కవిత్వం, ‘దిద్దుబాటు’తో కథానిక రాశాడు. అయిదేళ్ల తర్వాత, 1915లో కన్నుమూశాడు. మహనీయులతో సామాన్యులను పోల్చడం ఏమిటని అనిపించవచ్చు. పోల్చింది ప్రతిభను కాదు, వయసును మాత్రమే.

ఇప్పటి విశాఖ విషయానికి వస్తే, ఈ నగరానికి సహజంగా కొన్ని సౌకర్యాలు ఉన్నాయి. సముద్రం, కొండ, అడవి మూడూ ఊళ్లోనే ఉన్నాయి. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం జాతీయ రహదారిని ఆనుకునే ఉంది. అక్కడ పొద్దున్నే నిలబడి చెవి ఒగ్గితే ‘టుక్, టుక్, టుక్’ అని రేకు మీద సుత్తి పడుతున్నట్టు ఎడతెగని శబ్దం వినిపిస్తుంది. పిట్ట కనబడదు. ఆకుల్లో కలిసిపోయే ఆకుపచ్చ ఒళ్లు దానిది. అది కంసాలి పిట్ట అని ఒకరు చెప్పిన తర్వాత, అదే శబ్దం తమ వీధిలోని రావిచెట్టు మీద ఇన్నేళ్లుగా వినబడుతూనే ఉందని గుర్తుకొస్తుంది. పక్షుల పరిశీలనకు నడివయసు అనువైనది. మోకాళ్ల మీద భారం తక్కువ, దూరపు చూపుకు చత్వారంతో పేచీ లేదు, ఓపికగా నిలబడటం అప్పటికే అలవాటై ఉంటుంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడవడానికి పూనుకుని, ఆ సాధనతోనే దూరపు నడకకు అలవాటుపడేవారూ ఉంటారు. ఈత నేర్చుకోదలచినవారు మాత్రం కొలనులోనే మొదలుపెట్టాలి. రామకృష్ణా బీచ్ దగ్గర మనిషిని లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. అక్కడ వయసుతో నిమిత్తం లేకుండా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

ఇలాంటి వ్యాపకాల వల్ల మేలు జరుగుతుందా అని పెద్దఎత్తున చూసిన పరిశోధన 2023లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. 16 దేశాల్లో 65 ఏళ్లు, ఆపైబడిన 93,263 మంది సమాచారాన్ని అది పరిశీలించింది. హాబీ ఉందన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించాయి. కారణం ఏది, ఫలితం ఏది అన్నది ఇలాంటి పరిశీలనలతో ఖాయంగా తేలదు. ఆరోగ్యం బాగున్నవారికే హాబీలు ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశం ఆ 16 దేశాల్లో లేదు. ఉండి ఉంటే ఆ ప్రశ్నకు మనవారు ఏమని జవాబు చెప్పి ఉండేవారో ఊహించడం కష్టం. పెరట్లో కాకర పాదు పెంచే మనిషినో, ధనుర్మాసమంతా వాకిట్లో రోజుకో కొత్త ముగ్గు కనిపెట్టే ఇల్లాలినో ‘మీకు హాబీ ఏదైనా ఉందా’ అని అడిగితే లేదనే అంటారు. వ్యాపకమని, సరదా అని, పిచ్చి అని మనకున్న మాటల్లో ఏదీ ఆ పని విలువను సరిగ్గా పట్టుకోదు.

వ్యాపకాన్ని కూడా ఉద్యోగంలా మార్చుకునే ధోరణి మరొకటి ఉంది. వాకర్స్ క్లబ్బులో చేరిన ఏడాదికే అధ్యక్ష, కార్యదర్శి పదవుల కోసం పోటీ, నెలవారీ మినిట్స్, సన్మానాలు, శాలువలు మొదలవుతాయి. అది తప్పు కాదు కానీ, అక్కడ కొత్తగా నేర్చుకుంటున్నది ఏమీ లేదు. పాత హోదాను కొత్త చోట తిరిగి కట్టుకోవడమే జరుగుతోంది.

హోదా దగ్గరే అసలు ముడి ఉంది. నడివయసులో కొత్త పని మొదలుపెట్టాలంటే డబ్బు, తీరిక, ఆరోగ్యం అన్నీ ఉన్నా, చేతకానివాడిగా నలుగురి ముందు కూర్చోగలగాలి. కింద నలభై మంది పనిచేసిన ఫోర్‌మన్‌కైనా, ఇంటెడు పెళ్లిళ్లు ఒంటిచేత్తో నడిపించిన గృహిణికైనా ఇది చిన్న విషయం కాదు. వీణ తరగతిలో కొత్తగా చేరిన ఒక పెద్దామె పక్కన చాప మీద కూర్చున్నది మూడో తరగతి చదివే పాప. ఇద్దరికీ పాఠం ఒకటే: మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు), ఆదితాళం, మూడు కాలాలు, అంటే మూడు వేగాలు. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం. ఇద్దరూ కలిసే నడుస్తారు. రెండో కాలంలో దెబ్బకు రెండు స్వరాలు; పెద్దామె కాస్త వెనకబడుతుంది. మూడో కాలంలో దెబ్బకు నాలుగు స్వరాలు వచ్చేసరికి మెట్ల మీది ఎడమచేయి ఒక చోట, మీటుతున్న కుడిచేయి మరో చోట ఉంటాయి. పాప అప్పటికే పూర్తిచేసి కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది. తీగ నొక్కిన వేళ్ల కొసలు ఎర్రబడతాయి. అవి గట్టిపడి నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ కొన్ని వారాల్లోనే చాలామంది మానేస్తారు. మానేసేటప్పుడు వేళ్ల నొప్పి గురించి చెబుతారు కానీ, పాప గురించి చెప్పరు.

పెద్దామెకు ఉన్న బలం పాపకు లేదు. నలభై ఏళ్లుగా ఆకాశవాణిలోనూ గుడి మైకులోనూ పెళ్లి పందిళ్లలోనూ విన్నదంతా ఆమె చెవిలో ఉంది. తప్పు స్వరం పడితే చేతికన్నా ముందు చెవి ఉలిక్కిపడుతుంది. ఇది తెలిసిన గురువు ఆమెను మూడో కాలంలోకి తొందరపెట్టకుండా, చెవికి పని చెప్పే పాఠాలు ముందుకు తెస్తారు. వేగం వెనకాల రానిస్తారు. పెద్దలకు నేర్పడం వేరే విద్య అని గుర్తించిన గురువులు దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. పిల్లల బ్యాచిలో ఓ మూల చోటివ్వడమే ఎక్కువచోట్ల జరుగుతోంది.

ఆమెకు ఇంకో ఇబ్బంది ఉంది. భర్తకు విరమణ తేదీ ఉన్నట్టు ఆమె వంటింటికి తేదీ లేదు. భర్త ఇంటిపట్టున ఉండటం మొదలయ్యాక రెండోసారి కాఫీ, పదకొండింటికి మజ్జిగ తోడై పని పెరుగుతుంది కూడా. అందుకే ఆమె సాధన వేళ ఇంట్లో అందరూ లేవకముందో, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడో స్థిరపడుతుంది. అదైనా స్థిరంగా సాగుతుందా అంటే, విదేశంలో ఉన్న కూతురికి పురుడు పోయడానికి వెళ్లాలి. అమెరికా సందర్శక వీసా మీద ఒక్కో విడతలో సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. కుటుంబాలు ఆ ఆరు నెలలూ పూర్తిగా వాడుకుంటాయి. బయల్దేరే ముందు వీణ తంతుల బిగువు సడలించి, పాత నూలు చీర చుట్టి, బీరువా పక్కన గోడకు ఆనించి వెళుతుంది.

తిరిగొచ్చాక వేళ్లు మళ్లీ మెత్తబడి ఉంటాయి, మూడో కాలం పూర్తిగా చేజారి ఉంటుంది. ఒకసారి నేర్చి మరిచినది రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ సమయం పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మనసులో చెరిగిపోయిందనుకున్నది పూర్తిగా చెరగదు. ఎంత సమయం ఆదా అయిందో కొలిస్తే మిగిలినది ఎంతో తెలుస్తుంది. ఆమె తంతులు బిగించి, శ్రుతి చేసుకుని, మొదటి కాలం నుంచే మొదలుపెడుతుంది. పాప ఈలోగా జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతాల్లోకి వెళ్లిపోయింది. చాప మీద ఆ చోట్లో ఇప్పుడు మరో కొత్త పిల్లవాడు కూర్చుని ఉంటాడు, వాడికి మొదటి కాలం కూడా ఇంకా రాదు.